కుట్టినవాళ్ళే ఎక్కాలి

పోయిన వారం కత్తెరమ్మను బెలూను కడుపులోకి పంపించి, మిమ్మల్ని బయటే నిలబెట్టేశాను. తిట్టుకునే ఉంటారు. లోపలి నుంచి ఆవిడ వేసిన కేక మాత్రం మీ చెవుల్లో ఉండే ఉంటుంది. "ఈ కుట్టు వేసిందెవరు?"

జవాబు చెప్పేముందు, మధ్యదారిలో బండెక్కినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మన టైలరమ్మ జాకెట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆమె మొగుడు టూరిస్టు బస్సు డ్రైవరు. ఊళ్ళోవాళ్ళందర్నీ దేశమంతా తిప్పాడు, పెళ్ళాన్ని తప్ప. ఆ దెప్పుడు పెళ్ళైన నాటి నుంచీ వింటున్నాడు. చివరికి కూతురే ఫోనులో వెతికి దారి చూపించింది. పరాయి దేశంలో ఎవరింట్లోనో దిగాలి, రోజూ ఒక పూట వాళ్ళ పని చేసిపెట్టాలి, బదులుగా వాళ్ళు గదీ తిండీ ఇస్తారు. అలా ఒకచోట కోళ్ళఫారంలో గుడ్లు ఏరి, ఇంకోచోట పూలతోటలో కలుపు తీసి, మూడో మజిలీగా ఈ ఇంటికొచ్చి పడ్డారు.

ఈ ఇంటివాళ్ళ పని బెలూన్లు. పిల్లలు దారం కట్టి పట్టుకునేవి కాదు, మనుషుల్ని మోసేవి. మేడంత గుడ్డసంచీ, దాని కింద పేముబుట్ట, బుట్టకు పైన గ్యాసుమంట. మంటకు లోపలి గాలి వేడెక్కితే సంచీ లేస్తుంది, దానితోపాటు బుట్టా, బుట్టలో మనుషులూ లేస్తారు. ఎగరేసేది పెద్దాయన. పొద్దున లేస్తూనే గుప్పెడు గడ్డి తుంచి గాలిలోకి వదిలి చూస్తాడు కనుక మనవాళ్ళు ఆయనకు గాలితాత అని పేరు పెట్టుకున్నారు. చిరుగులు బాగుచేసేది ఆయన కూతురు. మెడలో తాడుకు ఎప్పుడూ కత్తెర వేలాడుతూ ఉంటుంది కనుక ఆవిడ కత్తెరమ్మ. టైలరమ్మకు కుట్టుపని అప్పజెప్పారు, డ్రైవరుకు వ్యాను. బెలూను ఎటు పోయేదీ గాలి ఇష్టం కనుక, నేలమీద వ్యాను దాన్ని చూసుకుంటూ వెంటపడాలి, దిగినచోటికి చేరి మనుషుల్నీ గుడ్డనీ ఎక్కించుకు రావాలి.

ఆ వ్యాను దగ్గరే మొదటిరోజు చిన్న గొడవ కూడా అయింది. ఇక్కడ తాళంచెవి బండికే వదిలేస్తాం, ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్తాం అంది కత్తెరమ్మ. మన డ్రైవరు వింటేనా? బండి దిగితే తాళంచెవి చొక్కా జేబులోకి వెళ్ళాల్సిందే, జేబుకు బొత్తాం పడాల్సిందే. "చేతికి పట్టిన అలవాటమ్మా, అది నన్నడిగి చెయ్యదు" అన్నాడు. ఆవిడ విసుక్కుని వదిలేసింది.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి దిగుతాను. ఈ ఇంటికో పద్ధతుంది. కొత్త కుట్టు పడ్డ బెలూను మొదటిసారి లేచినప్పుడు, కుట్టినవాళ్ళు బుట్టలో ఉండి తీరాలి. తన కుట్టు కింద తను నిలబడలేనివాళ్ళు సూది పట్టకూడదంటాడు గాలితాత. ఆ మాట విన్న క్షణం నుంచీ టైలరమ్మ కాళ్ళు నేలమీద ఆనడం లేదు. బెలూనులో చిరిగిన పట్టీ తీసేసి కొత్త పట్టీ వేసింది. ఎగిరేది ఈ సాయంత్రమే. రేపట్నుంచి ముసురంటున్నాడు తాత, ఎల్లుండి వీళ్ళు సామాను సర్దుకుని మరో ఇంటికి పోవాలి. ఇవాళ ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేనట్టే.

నలుగురూ మాట్లాడుకునేది సగం చేతులతో, సగం వచ్చీరాని ఇంగ్లీషుతో. ఉన్నదున్నట్టు రాస్తే మీరు పత్రిక మూసేస్తారు కనుక మన మాటల్లోకి దించుకుంటున్నాను.

* * *

"నేనేనండీ!" అంది టైలరమ్మ, గర్వంగా. మెచ్చుకోవడానికే పిలిచిందనుకుంది పాపం.

పెద్ద ఫ్యాను గాలి కొడుతూ ఉంటే బెలూను మైదానంలో పక్కకు ఒరిగి ఉబ్బి ఉంది. టైలరమ్మ చెప్పులు గడ్డిలో విడిచి, వంగి, దాని నోట్లోంచి లోపలికి దూరింది. లోపల నిటారుగా నిలబడొచ్చు, నడవొచ్చు. పొద్దుటి ఎండ గుడ్డలోంచి దిగి ఒక అడుగు ఎర్రగా, ఒక అడుగు పసుపుగా పడుతోంది. తన చేతులు ఎరుపులోంచి పసుపులోకి మారడం చూసుకుని ఆమెకు నవ్వొచ్చింది. ఇంత జాకెట్టు ఏ మహాతల్లికి పడుతుందో అనుకుంది.

కత్తెరమ్మ ముఖం చూడగానే ఆ సంబరం సగం దిగిపోయింది. ఆవిడ కొత్త పట్టీ పక్కన గొంతుక్కూర్చుని, కుట్టు వెంబడి వేలాడుతున్న గుడ్డను రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది.

"ఏమిటిది?"

"లోపలి గుడ్డండీ."

"అది కనబడుతోంది. ఎందుకుంది?"

"రేపు కాస్త ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి," అంది టైలరమ్మ తడుముకోకుండా.

"ఎవరు ఒళ్ళు చేస్తే?"

టైలరమ్మకు అప్పుడు తట్టింది. చిన్నపిల్ల జాకెట్టయినా బామ్మగారి జాకెట్టయినా పక్క కుట్టులో నాలుగు వేళ్ళ గుడ్డ వదలకుండా ఆమె ఏనాడూ కత్తెర ఆడించలేదు. పెళ్ళికి కుట్టిన జాకెట్టు పురుడయ్యాక కూడా పట్టాలన్నది ఆమె పట్టుదల. వాళ్ళ వీధిలో ఆమెకు పేరు తెచ్చింది కూడా అదే. ఇప్పుడు ఆ చెయ్యే, ఆమెతో ఒక్క మాట చెప్పకుండా, బెలూనుకు కూడా నాలుగు వేళ్ళు వదిలేసింది.

"నేను చూపించానా లేదా?" కత్తెరమ్మ గొంతు పెరిగింది. "రెండు అంచులూ ఒకదాన్నొకటి పట్టుకునేలా మడిచి, ఆ మడత మీద జంట కుట్టు వెయ్యమన్నానా లేదా?"

"అన్నారు. మడిచే వేశానండీ. పక్కన కాస్త..."

"ఆ కాస్త వదలబట్టే మడత సగం పడింది. చూడు."

ఆవిడ గుడ్డను రెండు చేతులతోనూ పట్టి లాగింది. కుట్టు మధ్యలోంచి సన్నగా వెలుగు కనబడింది. సూది మొనంత వెలుగు. పైన మంట వేస్తే ఇందులోంచి వేడిగాలి తప్పించుకుంటుందని, లాగుడుకు కుట్టే ఊడుతుందని టైలరమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. గుడ్డ సంగతి ఆమెకు తెలియనిది కాదు.

"ఇది ఎగరదు," అంది కత్తెరమ్మ.

టైలరమ్మకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, తన చెయ్యిని తనే కొట్టుకోవాలనిపించింది. ఏమీ చెయ్యలేక ఆ గుడ్డ కొస పట్టుకుని నిలబడింది.

కత్తెరమ్మ మోకాళ్ళ మీద ఇంకాస్త ముందుకు జరిగింది. జరిగి, ఒకచోట ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది. "ఇదిగో, ఇదింకో వింత. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కుట్టు నీది కాదు."

టైలరమ్మ వంగి చూసింది. నిజమే. కుట్టు జానెడు దూరం బాగానే పరిగెత్తుతుంది, ఉన్నట్టుండి ఆగుతుంది, అక్కడే నాలుగు పోట్లు పొడుచుకుని మళ్ళీ బయల్దేరుతుంది. మళ్ళీ జానెడు, మళ్ళీ ఆగుడు. ఇలా ఆగి ఆగి నడిచే మనిషి ఆమెకు లోకంలో ఒక్కడే తెలుసు.

"ఏవండీ!" అని అరిచింది. బెలూను మొత్తం ఆ అరుపుకు మోగింది.

బయట ఫ్యాను పట్టుకుని ఉన్న డ్రైవరు వంగి లోపలికొచ్చాడు.

"బూట్లు!" అంది ఆమె.

ఆయన బయటికెళ్ళి బూట్లు విడిచి మళ్ళీ వచ్చాడు. కుట్టు వైపు ఒకసారి చూసి, కళ్ళు పైకెత్తి బెలూను పైకప్పును పరిశీలించడం మొదలుపెట్టాడు.

"ఇది మీరు వేశారా?"

"మొన్న మధ్యాహ్నం మెడ పట్టేసిందని పడుకున్నావుగా," అన్నాడు డ్రైవరు. "లేచేటప్పటికి కాస్త పని తగ్గుతుందని..."

"తగ్గించారా! స్టాపు స్టాపుకీ ఆపారు!"

"కాలికింద పెడలుంటే నా కాలు బ్రేకనుకుంటుందే. నేనేం చెయ్యను?"

కత్తెరమ్మ వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. మూతి కొస ఆవిడ మాట వినలేదు.

"అయితే కుట్టింది ఇద్దరన్నమాట," అంది. "పద్ధతి ప్రకారం ఇద్దరూ ఎక్కాలి."

డ్రైవరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేనా? మరి వ్యాను?"

"వ్యాను నేను తోలతాను."

"ఎలాగూ విప్పేస్తారుగా! నా కుట్టు పోయాక నేను కుట్టినవాణ్ణెలా అవుతాను?" అన్నాడాయన, ఏదో దొరికినట్టు. ఆ మాటలో ఉన్న సంతోషం చూసి టైలరమ్మకు అనుమానం వచ్చింది. దగ్గరికెళ్ళి ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె చూడనిదేదో అక్కడ కనబడింది.

"మీకు భయమా?"

ఆయన మళ్ళీ బెలూను పైకప్పు చూడబోయాడు.

"కొండదారుల్లో ఒంటిచేత్తో మలుపు తిప్పే మనిషి! కిందికి చూస్తే ఎక్కినవాళ్ళకు ప్రాణాలు పోయేవట, మీరు ఈలపాట పాడేవారట! మీకు ఎత్తంటే భయమా?"

"ఎత్తంటే కాదు." డ్రైవరు గొంతు తగ్గించాడు. "అక్కడ నా చేతిలో స్టీరింగుంది. దీనికి ఉందా? స్టీరింగు లేదు, బ్రేకు లేదు, ఆఖరికి హారనైనా లేదు. గాలి ఎటు తోస్తే అటు. ఎక్కడ దిగుతామని పొద్దున తాతను అడిగాను. 'దిగాక చెప్తా' అన్నాడు. అదే మాట నేను నా ప్యాసింజర్లతో అని ఉంటే తన్నేవాళ్ళు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నువ్వు నిద్రలో కూడా ఎగురుతున్నావు. నేను కింద వ్యానులో నీ వెంటే ఉంటానులే, ఎవరికీ తెలియక్కర్లేదనుకున్నా."

అప్పుడు బెలూను నోట్లోంచి గాలితాత తల పెట్టాడు. ఆయన వేళ్ళకింకా గడ్డి అంటుకునే ఉంది. కూతురు సంగతంతా చెబితే, విని, కుట్టు చూసి, పెదవి చప్పరించాడు.

"సాయంత్రం గాలి మెత్తగా ఉంటుంది. పొద్దు వాలేలోపు విప్పి కుట్టగలిగితే ఎగురుదాం. లేకపోతే ఈ బెలూను ఎగిరేది లేదు."

"పట్టీకి ఇటొక కుట్టు, అటొక కుట్టు," అంది కత్తెరమ్మ వేళ్ళు చూపిస్తూ. "ఒకదాని తర్వాత ఒకటి వేస్తే చీకటి పడుతుంది. రెండు మిషన్లూ ఒకేసారి నడవాలి. మడత జారకుండా ఒక పక్క నేను పట్టాలి, ఒక పక్క నాన్న పట్టాలి. మిషన్ల మీద ఇద్దరు కావాలి."

ముగ్గురి చూపులూ డ్రైవరు మీద ఆగాయి. మిషను మీద కూర్చుంటే కుట్టినట్టు. కుట్టితే ఎక్కినట్టు.

"వద్దులెండి," అంది టైలరమ్మ. "ఆయన్ని బలవంతపెట్టకండి. ఇంత దగ్గర్నుంచి చూశాం, చేత్తో తాకాం, అదే పదివేలు. నాకేం ఫరవాలేదు."

డ్రైవరు ఆ "నాకేం ఫరవాలేదు"ను గుర్తుపట్టాడు. బస్సు తీసుకుని బయల్దేరిన ప్రతిసారీ గుమ్మంలో విన్నదే. ఏ సముద్రం ఒడ్డుకో, ఏ కొండ మీదికో ఎవరెవరినో ఎక్కించుకుని పోతూ, ఆ మాటను నిజంగానే నమ్మి గేరు మార్చేవాడు. ఇవాళ మొదటిసారి ఆమెకు ఎదురుగా నిలబడి విన్నాడు. ఒట్టి అబద్ధమని తెలిసిపోయింది.

"ఆ రెండో మిషను దగ్గర బూట్లు విప్పాలా, ఉంచుకోవచ్చా?" అని అడిగాడు.

* * *

ఇక ఆ పనిగదిలో జరిగిన హడావుడి చూడాలి. ఫ్యాను ఆపారు, బెలూను గాలి దిగి కుప్పకూలింది, పట్టీ ఉన్న భాగాన్ని లాక్కొచ్చి పొడుగుబల్ల మీద పరిచారు. టైలరమ్మ చిన్న బ్లేడుతో పాత కుట్లు విప్పుతూ పోతుంటే కత్తెరమ్మ వెనకే దారప్పోగులు ఏరింది. మిగిలిన నాలుగు వేళ్ళ గుడ్డ కత్తిరించాల్సి వచ్చినప్పుడు మాత్రం టైలరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కత్తిరించింది. "ఇక నువ్వు ఒళ్ళు చెయ్యడానికి లేదు మరి, జాగ్రత్త," అని బెలూనుతో చెప్పింది.

రెండు మిషన్లూ ఒకేసారి అందుకున్నాయి. ఆమెది పరుగు, ఆయనది పల్లెవెలుగు.

"మళ్ళీ ఆపారు! ఎందుకాపారు?"

"నాకు తెలీదే, కాలే ఆపింది."

"అది బ్రేకు కాదు, ఆక్సిలేటరు! కొండెక్కుతున్నాననుకోండి. బస్సు నిండా జనం. మధ్యలో ఆపితే వెనక్కి జారతాం!"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. డ్రైవరు వీపు నిటారైంది. కాలు పెడలు మీద స్థిరపడింది. "సెకండ్ గేరు," అన్నాడు తనలో తను. మిషను ఒకే గొంతుతో కూయడం మొదలుపెట్టింది. ఎదురుగా మడత పట్టిన గాలితాత ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, "రా అబ్బాయ్, రా, నిదానంగా, ఇంకా దారుంది, రా" అంటూ బస్సును షెడ్డులోకి పిలిచినట్టు పిలిచాడు. డ్రైవరు రెప్ప వాల్చలేదు. చివరి అంచు సూది కిందినుంచి జారిపోయాక కూడా ఆయన చేతులు మిషను మీదే ఉన్నాయి.

కత్తెరమ్మ రెండు కుట్లనూ వేళ్ళతో తడిమింది, పిడికిళ్ళతో లాగింది, కిటికీకి అడ్డం పెట్టి వెలుగు వస్తుందేమో చూసింది. రాలేదు. డ్రైవరు కుట్టు దగ్గర ఇంకోసారి చూసింది. అక్కడా రాలేదు.

"ఎగురుతుంది," అంది.

టైలరమ్మ ఒక్క గెంతు గెంతి ఆవిడ మెడ చుట్టేసింది. మధ్యలో కత్తెర గుచ్చుకుని ఇద్దరూ కెవ్వుమన్నారు.

* * *

పొద్దు వాలుతుండగా డ్రైవరు గ్యాసు సిలిండర్లు వేసుకుని వ్యానును మైదానం అంచుకు తెచ్చాడు. దించాడు, బిగించడానికి సాయం పట్టాడు. ఆపైన పని లేకపోయేసరికి బుట్ట చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు. మంట భగ్గుమంది. నేలమీద పొర్లుతున్న గుడ్డ బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని, లేచి, వాళ్ళ నెత్తిమీద నిలబడింది. టైలరమ్మ చీరకొంగు నడుముకు బిగించి ఒక్క అంగలో బుట్టలోకి దిగింది. మొగుడికి చెయ్యి అందించింది.

"సీటుబెల్టు లేదా?" అన్నాడు డ్రైవరు.

"మోకాళ్ళు వదులుగా పెట్టు అబ్బాయ్," అన్నాడు గాలితాత, మంట పెంచుతూ.

కత్తెరమ్మ కింద తాడు వదిలింది. డ్రైవరు కళ్ళు గట్టిగా మూసుకుని కుదుపు కోసం ఎదురుచూశాడు. ఎంతకీ రాలేదు.

"ఎప్పుడు బయల్దేరతాం?" అని అడిగాడు.

"కళ్ళు తెరవండి," అంది టైలరమ్మ.

తెరిచాడు. మైదానం కిందెక్కడో ఉంది. ఇళ్ళ కప్పులు, వాటి మధ్య వంకరటింకర దారులు, దారుల మీద మెల్లగా పాకుతున్న బండ్లు. టైలరమ్మ బుట్ట అంచు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది.

"అదుగో పనిగది! అదుగో మన గది! కిటికీలో మీ తువ్వాలు ఆరుతోంది చూడండి! అయ్యో, నా చెప్పులు అక్కడే వదిలేశాను!" కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది. "నేను కుట్టిందండీ! నేను కుట్టింది నన్ను మోస్తోంది!"

"నేనూ కుట్టాను," అన్నాడు డ్రైవరు చిన్నగా. ఒక చెయ్యి బుట్టను వదల్లేదు గాని, రెండోది పెళ్ళాం భుజం మీదికి వచ్చింది. "చివరికి తిప్పాను కదే నిన్ను."

"మీరెక్కడ తిప్పుతున్నారు? గాలి తిప్పుతోంది."

నిజంగానే నవ్వాడాయన. స్టీరింగు లేని బండిలో నిలబడి, ఎటు పోతున్నాడో తెలియకుండా, హాయిగా నవ్వాడు. జీవితంలో మొదటిసారి దారి చూడక్కర్లేకుండా ఊరు చూస్తున్నాడు. పక్కన ఆమె ఉంది. ఇంత సుఖం ఉంటుందని తెలిస్తే ఏనాడో కుట్టుమిషను కొనేవాణ్ణనుకున్నాడు.

గాలితాత జేబులోంచి ఇంత గడ్డి తీసి బుట్ట అంచు మీదుగా వదిలాడు. అది పోయిన దిక్కు చూసి, ఇంకాస్త వదిలాడు.

"గాలి తిరిగింది," అన్నాడు. "చెరువు మీదికి పోతున్నాం."

దూరంగా, వాళ్ళు పోతున్నవైపే, అవతలి గట్టు సరిగా కనబడనంత చెరువు మెరుస్తోంది.

"కంగారు లేదు. వ్యాను మనకంటే ముందు అవతలి గట్టుకు చేరితే చాలు. తాడు వదుల్తాం, మా అమ్మాయి అందుకుని ఒడ్డుకు లాగుతుంది. చాలాసార్లు చేశాం." ఆయన వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మాయ్, వంతెన మీదుగా అవతలి గట్టుకు పో. ఇప్పుడే బయల్దేరు."

జవాబు లేదు. కింద, అగ్గిపెట్టెంత వ్యాను పక్కన, చిన్న ఆకారం ఒకటి తలుపు తీసింది, వేసింది, అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఆ తర్వాత తల పైకెత్తింది. వాకీటాకీ గరగరలాడింది.

"బయల్దేరతాను నాన్నా. బండి తాళమేదీ?"

టైలరమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది. గాలితాత కూడా తిరిగాడు. డ్రైవరు నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. భుజం మీది చెయ్యి తీసి, చొక్కా జేబు మీద వేసుకున్నాడు.

జేబుకు బొత్తాం పెట్టే ఉంది.